వేడిబావి మీద గుడ్డ

వేసవి 41వ రోజు. బయట 51 డిగ్రీలు.

ఈ పుస్తకం అట్ట మీద ‘ఫిర్యాదుల దినచర్య’ అని అచ్చేసి ఉంది. రాయవలసింది నేను, చదవవలసింది శీతల శాఖ. ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది. శాఖ నుంచి ఇంతవరకు ఒక్క ప్రశ్న రాలేదు. పోయినేడు వరసగా మూడు రోజులు ఫిర్యాదుల బదులు వంకాయ కూర ఎలా వండానో రాసి పంపాను. ‘ఆమోదించడమైనది’ అని ముద్ర పడి తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఇందులో నిజాలే రాస్తున్నాను.

నా పేరు హైమావతి. సున్నపుగుంటకు శీతల యంత్ర నిపుణురాలిని. సున్నపుగుంట అంటే పాత సున్నపురాయి క్వారీ. దాని గోడల్లో మూడు అంతస్తులుగా తొలిచిన నూట ముప్పై ఎనిమిది ఇళ్ళు. పొద్దున తొమ్మిదికి గంట కొడితే ఇనుప తలుపులు పడతాయి, సాయంత్రం ఆరుకి లేస్తాయి. ఆ మధ్యలో మమ్మల్ని బతికించేది ప్రతి ఇంట్లో ఉన్న చలిపెట్టె. అది పాడైతే ఏం చెయ్యాలో తెలిసిన మనిషి నేనేనని ఊరు నమ్ముతోంది. నేను కూడా నమ్ముతున్నాను, అదే ఇబ్బంది.

నిజానికి నాకు తెలియాల్సిన పని లేదు. ఇప్పటి యంత్రాలు మాట్లాడతాయి. ఏ భాగం పోయిందో అవే చెబుతాయి, నేను ఆ భాగం మార్చి సంతకం పెడతాను.

ఇవాళ మా ఊరి కమిటీ అధ్యక్షురాలు రత్నమ్మక్క ఇంట్లో ఫ్రిజ్ చల్లబడటం లేదని పిలిచారు. ఫ్రిజ్‌ని అడిగాను. “నమస్కారం. నా భాగాలన్నీ సక్రమంగా పనిచేస్తున్నాయి. అసౌకర్యానికి చింతిస్తున్నాను,” అంది. అలా అందంటే బోర్డు పోయినట్టేనని నా సిద్ధాంతం. బోర్డు మార్చాను. తర్వాత థర్మోస్టాట్ మార్చాను. గంటన్నర పట్టింది. రత్నమ్మక్క అత్తగారు మంచం మీద నుంచి చూసి చూసి, లేచి వచ్చి, గోంగూర పచ్చడి జాడీని లోపలికి బెత్తెడు జరిపింది.

“దీని మూత అడ్డమొచ్చి తలుపు పట్టంలేదు. పొద్దుటి నుంచీ చెబుదామనుకుంటన్నా. నువ్వు చదువుకున్నదానివి గదా అని ఊరుకున్నా,” అంది.

కారణం అనే గడిలో ‘పచ్చడి’ అని రాశాను.

వేసవి 44వ రోజు. బయట 50. ధూళి తుఫాను మొన్న వెలిసింది.

ఇళ్ళ వెనక కొండను నిలువుగా తొలిచిన పెద్ద గొట్టం ఉంది. వేడిబావి అంటాం. అన్ని చలిపెట్టెలూ తమ వేడిని అందులోకి వదులుతాయి. ఆ వేడి పైకి లేచి, నేల మీదున్న నోటి నుంచి బయటికి పోతుంది. తుఫానులో ఆ నోటి నుంచే దుమ్ము లోపల పడింది. ముప్పై యంత్రాల వెనక రేకులు మట్టి కొట్టుకుపోయాయి. మూడు రోజులుగా తెల్లవారుజామున బావిలో తాడుకు వేలాడుతూ బ్రష్షుతో రుద్దుతున్నాను. జడ విప్పితే ఒక పూలకుండీకి సరిపడా మట్టి రాలింది.

వేలాడుతుండగా నాకో ఆలోచన వచ్చింది. తలకిందులుగా ఉన్నప్పుడు వచ్చే ఆలోచనల్ని కాస్త అనుమానించాలని నాకు ఎవరూ చెప్పలేదు. బావి నోటికి సన్నని వడపోత గుడ్డ బిగిస్తే? గాలి పోతుంది, దుమ్ము రాదు.

సాయంత్రం కమిటీలో చెప్పాను. అందరూ బాగుందన్నారు. వెనక వరసలో ఒక్కరు లేచారు, మస్తాన్‌వలి బాబాయ్. యంత్రాలకు మాటలు రాకముందు ముప్పై ఏళ్ళు ఈ పని చేసింది ఆయనే. డెబ్బై నాలుగేళ్ళు ఉంటాయి. మాట్లాడే పెట్టెలొచ్చాక, జీతం తీసుకునే మనిషి ఒకరు చాలని కమిటీకి కాగితం రాసింది నేనే. ఆయనకు ఆ సంగతి తెలుసు.

“గాలికి అదొక్కటే దారమ్మాయ్. దానికి గుడ్డ కడతానంటావేంది?” అన్నారు.

“సన్న గుడ్డే బాబాయ్. లెక్క వేయించాను. గాలి తగ్గేది నూటికి నాలుగు వంతులే.”

“గుడ్డ కొత్తగా ఉన్నప్పటి లెక్క అది.”

నేను నవ్వాను. నవ్వడం ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత మర్చిపోయినట్టు నటించకుండా ఉండటానికి.

వేసవి 46వ రోజు. బయట 51.

గుడ్డ బిగించాను. చుట్టూ ఇనుప పట్టీ, అరవై నాలుగు బోల్టులు. తుఫాను కాదు కదా, ఏనుగొచ్చి లాగినా ఊడదు. రత్నమ్మక్క నాకు శాలువా కప్పింది. ఈ ఎండల్లో శాలువా కప్పించుకోవడం ఒక రకమైన శిక్ష అయినా, పది నిమిషాలు తీయలేదు.

వేసవి 49వ రోజు. బయట 52.

పై అంతస్తు 97వ ఇంటి నుంచి ఫిర్యాదు. గాలి వస్తోంది, చల్లదనం లేదు. పెట్టెని అడిగితే భాగాలన్నీ సక్రమమేనంది. చల్లదనం లేదంటే గ్యాసు తగ్గి ఉంటుందని నిర్ణయించాను. కొలిచానా అంటే, కొలవలేదు. ధైర్యంగా పోశాను.

సాయంత్రానికి ఇంకో నాలుగిళ్ళు. వాటికీ పోశాను.

వేసవి 52వ రోజు. బయట 53.

పదకొండు ఇళ్ళు. అన్నీ పై అంతస్తువే. మధ్యాహ్నం రెండు ప్రాంతంలో యంత్రం వణికి ఆగిపోతుంది. అరగంటకు మళ్ళీ మొదలై, పావుగంటకు మళ్ళీ ఆగుతుంది. గ్యాసు పోసిన ఇళ్ళలోనే ముందు ఆగుతున్నాయి. ఇది చూసి తెలివైన మనిషికి ఏదో ఒకటి తట్టాలి. నేను మరికాస్త గ్యాసు పోశాను. కెపాసిటర్లు మార్చాను. స్టోరులో కెపాసిటర్లు అయిపోయాయి. ఒక ఇంట్లో వోల్టేజీ తక్కువ అన్నాను, ఇంకో ఇంట్లో వోల్టేజీ ఎక్కువ అన్నాను. రెండిళ్ళకూ ఒకటే తీగ.

పెట్టెలు మాత్రం పదకొండూ ఒకే గొంతుతో “నాలో ఏ లోపమూ లేదు,” అంటున్నాయి. ఒకదాన్ని చెంప మీద కొట్టినట్టు కొట్టాను. చింతిస్తున్నానంది.

ఈ పుస్తకాన్ని ఎవరైనా చదువుతూ ఉంటే, వాళ్ళకు ఈపాటికి సంగతి అర్థమై ఉంటుందేమో. నాకు మాత్రం ఇంకా కాలేదు.

వేసవి 55వ రోజు. బయట 53. సాయంత్రం కూర్చుని రాస్తున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు పై అంతస్తు 104 నుంచి పిలుపు. సలోమి ఇల్లు. ఆమెకు బిడ్డ పుట్టి పన్నెండు రోజులు. భర్త సౌరపలకల పొలంలో వారం డ్యూటీలో ఉన్నాడు. నేను వెళ్ళేసరికి పెట్టె ఆగిపోయి ఉంది. గదిలో నలభై మూడు డిగ్రీలు. సలోమి తడిగుడ్డతో బిడ్డను తుడుస్తోంది.

“పాలు తాగట్లేదక్కా. పొద్దున ఏడుస్తా ఉన్నాడు. ఇప్పుడు ఏడవను గూడా ఏడవట్లేదు,” అంది.

బిడ్డ చెయ్యి పట్టుకున్నాను. వేలు చుట్టూ బిగుసుకోవాల్సిన పిడికిలి తెరుచుకునే ఉంది.

ఇద్దరం లోపలి మెట్ల మీదుగా పరుగున కింది అంతస్తుకు దిగాం. మా ఇల్లు అక్కడే, అక్కడ ఇంకా చల్లగానే ఉంది. తల్లినీ బిడ్డనూ పడుకోబెట్టి, నర్సమ్మను పిలిచి, మళ్ళీ మెట్లెక్కాను. సలోమి ఇంట్లో పెట్టె దగ్గరికి కాదు. 101కి వెళ్ళి తలుపు కొట్టాను.

మస్తాన్‌వలి బాబాయ్ బనీనుతో, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. గదిలో నలభై నాలుగు.

“బాబాయ్, మీ పెట్టె ఎప్పుడు ఆగింది?”

“నాలుగు రోజులైంది.”

“మరి ఫిర్యాదు చెయ్యలేదే?”

“ఎవరికి చెయ్యమంటావ్? నీకా?”

“నాకు తెలియట్లేదు బాబాయ్. ఏం చేసినా ఆగిపోతున్నాయి. సలోమి బిడ్డ...” అన్నాను. ఇంకా ఏదో అనబోయి ఏడ్చాను. ఆయన లేచి చొక్కా తొడుక్కున్నారు.

104లో ఆయన ముందు చేసిన పని పెట్టె గొంతు ఆపెయ్యడం. కాసేపాగి యంత్రాన్ని నడిపించారు. దాని రెండు రాగి గొట్టాల మీద చెరో చెయ్యి వేశారు. ఒకటి మంచులా ఉండాలట, ఒకటి వేడిగా ఉండాలట. వేడి గొట్టం మీద చెయ్యి వేసీ వెయ్యగానే తీసేశారు.

“గ్యాసు ఎంత పోశావ్?”

చెప్పాను.

“తగ్గకుండానే పోశావ్. దీనికి ఆకలి గాదమ్మాయ్, ఊపిరాడట్లా. ఊపిరాడనోడి నోట్లో అన్నం కుక్కావ్.”

వంటింటి వెనక చిన్న తలుపు తీస్తే వేడిబావి. తియ్యగానే పొయ్యి తెరిచినట్టు కొట్టింది. ఆయన అగరొత్తి వెలిగించి యంత్రం వేడి వదిలే చోట పట్టుకున్నారు. పొగ పైకి పోవాలి. పోలేదు. కాస్త లేచి, అక్కడక్కడే తిరిగి, వెనకనుంచి యంత్రంలోకే దూరింది. వదిలిన వేడినే మళ్ళీ పీలుస్తోంది. పక్కింటిదీ, ఆ పక్కింటిదీ అంతే. కింది అంతస్తుల వేడి కూడా వచ్చి పైనే పేరుకుంటోంది. అందుకే పై ఇళ్ళు ముందు ఆగాయి. పెట్టెలు అబద్ధం చెప్పలేదు. వాటిలో ఏ లోపమూ లేదు.

తల బయట పెట్టి పైకి చూశాను. బావి నోరు గుండ్రంగా తెల్లగా కనబడాలి. నల్లగా ఉంది. నేను బిగించిన గుడ్డ పదిరోజుల దుమ్ముతో రొట్టెలా గట్టిపడింది.

బాబాయ్ అగరొత్తి ఆర్పారు. ‘నేను చెప్పలా’ అని ఉంటే బాగుండేది. కనీసం వాదించేదాన్ని.

అప్పటికి సమయం రెండుంబావు. పై అంతస్తులో నూట ఎనభై మంది. అందర్నీ కిందికి దించితే కింది పెట్టెలు కూడా ఆగుతాయి. మధ్య అంతస్తులో అప్పటికే ఒకటి ఆగింది. ఆరు గంటల దాకా ఆగడం కుదరదు. ఎవరో ఒకరు ఇప్పుడే, ఎండలో, పైకి వెళ్ళాలి. మా దగ్గరున్న ఎండతొడుగు పదిహేను నిమిషాలు కాపాడుతుంది. బాబాయ్ దాని వైపు చెయ్యి చాచారు.

“కట్టింది నేను,” అన్నాను.

సినిమాలో లాగా ఉంది కదా. నిజానికి ఆ మాట అన్నాక ఆయన కాదంటారని ఒక క్షణం ఎదురుచూశాను. ఆయన కాదనలేదు. పనిముట్ల సంచి సర్ది నా భుజానికి తగిలించారు. బరువుగా ఉంది. నీళ్ళ చెంబు పెట్టారనుకున్నాను.

పై తలుపు దాటితే, బయట వెలుగు కళ్ళలో సూదులు గుచ్చినట్టుంది. నూరడుగులు నడిచి బావి నోటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, స్పానర్ తీసి బోల్టులు విప్పడం మొదలుపెట్టాను. ఎందుకో తెలుసా? గుడ్డ పాడవకుండా తీస్తే, ఉతికి మళ్ళీ వాడుకోవచ్చని. అంతటి వేళలో కూడా నా గుడ్డ మీద నాకు మమకారం పోలేదు. తొమ్మిది బోల్టులు ఊడేసరికి తొడుగులో గడియారం ఎనిమిది నిమిషాలంది. ఇంకా యాభై ఐదు ఉన్నాయి. ఇంత గట్టిగా బిగించిన మనిషి ఎవరో కనబడితే తిట్టేదాన్ని.

చేతులు జారుతున్నాయి. గొంతులో ఉప్పు. నీళ్ళు తాగుదామని సంచిలో చెయ్యి పెట్టాను. చెంబు కాదు, కత్తిపీట. సలోమి వంటింట్లోది, పీటతో సహా పెట్టారు. ఆ ముసలాయన నా స్పానర్ సంగతి ముందే గ్రహించారు.

పీట రెండు చేతులా పట్టుకుని, కత్తి మొన గుడ్డలో దించి, బలమంతా వేసి లాగాను. మొదటిసారి గీత పడింది. రెండోసారి చిరిగింది. మూడోసారి కొండ లోపల నుంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. గుడ్డ పైకి ఉబ్బి, ఆ చివర నుంచి ఈ చివరకు పర్రున చీలింది. పదిరోజుల వేడి ఒక్కసారిగా లేచి నన్ను వెల్లకిలా పడేసింది. మట్టి పెళ్ళలు నెత్తిన కురిశాయి. పడుకునే నవ్వాను. తర్వాత లేవలేకపోయాను. తర్వాత లేవకపోతే ఏమవుతుందో గుర్తొచ్చి, మోకాళ్ళ మీద పాకాను. తలుపు దగ్గర బాబాయ్ నా చంకల్లో చేతులు వేసి లోపలికి లాగారు. ఆయన చొక్కా మీద వాంతి చేసుకున్నాను.

“గుడ్డ పనికొస్తుందా?” అని అడిగారు.

నాలుగింటికి పై అంతస్తులో ముప్పై తొమ్మిది. ఐదున్నరకు ముప్పై మూడు. నర్సమ్మ బిడ్డకు సూదితో మందు నీళ్ళు ఎక్కించింది. ఆరింటికి తలుపులు లేచే వేళకు బిడ్డ పాలు పట్టుకున్నాడని చెప్పారు. చూడటానికి మా ఇంటికే వెళ్ళాలి. నా ఇల్లే అయినా, తలుపు బయటే నిలబడ్డాను.

వేసవి 56వ రోజు. బయట 52.

కమిటీ కూర్చుంది. శాఖకు నివేదిక పంపాలి. రత్నమ్మక్క నన్ను పక్కకు పిలిచింది.

“ధూళి తుఫాను వల్ల అని రాసెయ్ హైమా. గుడ్డకి చేతులెత్తింది మనమందరం. ఒక్కదానివే ఎందుకు మొయ్యడం? శాఖ నీ లైసెన్సు తీసేసిందనుకో, మాకు ఎవరు దిక్కు?”

అంతకన్నా మంచి సలహా నాకెప్పుడూ ఎవరూ ఇవ్వలేదు. నిన్న రాత్రంతా నేనే అదే వాక్యాన్ని రకరకాలుగా రాసి చూసుకున్నాను కూడా. కానీ ఆ గదిలో, మూడో వరసలో, సలోమి బిడ్డతో కూర్చుని ఉంది. లేచి అందరి ముందూ చెప్పాను. గుడ్డ నా ఆలోచన. మస్తాన్‌వలి బాబాయ్ వద్దన్నారు, నేను నవ్వాను. కొలవకుండా గ్యాసు పోసి ఇంకా పాడు చేశాను. ఆరేళ్ళుగా నాకు తెలిసింది భాగాలు మార్చడమే, జబ్బు కనుక్కోవడం కాదు.

ఎవరూ తిట్టలేదు. సలోమి మాత్రం లేచి, “నా ఇంట్లో పెట్టె చెడిపోతే తాతను పంపించండి. ఈమె మాత్రం రాగూడదు,” అని వెళ్ళిపోయింది.

బాబాయ్‌కి మళ్ళీ ఉద్యోగం ఇమ్మని, నన్ను ఆయన కింద పెట్టమని కాగితం రాసి ఇచ్చాను. కమిటీ ఒప్పుకుంది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. “చెప్పింది వింటావా?” అని అడిగారు. వింటానన్నాను. “చూద్దాం,” అన్నారు.

వేసవి 63వ రోజు. బయట 51.

పదకొండు ఇళ్ళలో నేను పోసిన ఎక్కువ గ్యాసును తీసేశాం. పోయడానికి రెండు రోజులు, తియ్యడానికి వారం. బాబాయ్ పెట్టెల గొంతులన్నీ ఆపించారు. పొద్దున్నే నా కళ్ళు మూయించి గొట్టాల మీద చేతులు పెట్టిస్తున్నారు. ఏది గ్యాసు తక్కువ, ఏది మట్టి పట్టింది, ఏది ఫ్యాను నెమ్మదించింది చెప్పమంటారు. పదికి మూడు సరిగ్గా చెప్పాను. ఆయనకు సంతోషం కలిగింది. “మొన్న పదికి సున్నా గదా,” అన్నారు.

శాఖ నుంచి నా నివేదిక తిరిగొచ్చింది. ఆమోదించడమైనది.

వేసవి 88వ రోజు. బయట 47. మొదటి మబ్బు కనబడింది.

బాబాయ్ కంటి ఆపరేషన్‌కి పట్నం వెళ్ళి నాలుగు రోజులైంది. ఇవాళ పదకొండింటికి 104 నుంచి పిలుపు వచ్చింది. అంకె తప్పు విన్నానేమోనని రెండుసార్లు అడిగాను.

సలోమి తలుపు తీసి, దారి ఇచ్చి, “తాత లేడంట గదా. అందుకని పిలిచా,” అంది.

పెట్టె నుంచి నీళ్ళు కారి గోడంతా తడిసింది, నేల మడుగైంది. సలోమి ఉయ్యాలని పొడిగా ఉన్న మూలకు జరిపింది. బోర్డు మార్చాలని నా కుడిచెయ్యి పాత అలవాటుగా సంచిలోకి పోయింది. ఎడమచేత్తో ఆపాను. ముందు గొట్టాలు పట్టుకుని చూశాను, బాగున్నాయి. మంచు గడ్డకట్టిందా చూశాను, లేదు. నీళ్ళు పోయే సన్నగొట్టం బయటి చివర వేలు పెడితే మట్టి తగిలింది. కందిరీగ గూడు పెట్టింది. పుల్లతో తవ్వి, నోటితో ఊదాను. నాలుక మీద మట్టి, ఇంకేదో కూడా. నీళ్ళు సరసరా దిగిపోయాయి.

పని అయిపోయింది. అయినా వెనక చిన్న తలుపు తీసి, అగరొత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూశాను. నిటారుగా పైకి పోయింది. తల బయట పెట్టి బావి నోరు కూడా చూశాను. సలోమి ఇదంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“ఆ రోజు ఎండలో పైకి పోయింది నువ్వేనంటగా,” అంది.

“కట్టిందీ నేనే.”

“తెలుసులే.”

సంచి సర్దుకున్నాను. వెళ్ళొస్తానని అందామనుకుంటుండగా ఉయ్యాలలో వాడు లేచి గోల మొదలుపెట్టాడు. సలోమి ఎత్తుకుని, కాసేపు అటూ ఇటూ ఊపి, నేల మీది నీళ్ళు చూసి, నన్ను చూసింది.

“కాస్త పట్టుకో. నీళ్ళు తుడవాలి.”

నేను చేతులు చీరకు తుడుచుకుని పట్టుకున్నాను. వాడు నా జడ అందుకున్నాడు. నలభై ఐదు రోజుల పిల్లవాడు ఇంత బరువుంటాడని నాకు తెలియదు. ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. కంప్రెసర్‌ని పట్టుకున్నట్టు పట్టుకున్నానేమో, వాడు మాత్రం ఏడుపు ఆపాడు.

ఆ నీళ్ళు తుడవడానికి రెండు నిమిషాలు చాలు. సలోమి పావుగంట తుడిచింది. నేను కూడా వాణ్ణి దించలేదు.